బడిని ఎంచుకోవడంతో బాధ్యత తీరదు

జూన్ నెల వచ్చిందంటే జువ్వలదిన్నె లాంటి తీర గ్రామాల్లో పిల్లలున్న ప్రతి ఇంట్లోనూ ఇదే చర్చ. ఊళ్లోని సర్కారు బడికి పంపాలా, అప్పోసప్పో చేసి కావలి ప్రైవేటు బడి బస్సు ఎక్కించాలా? ఇద్దరు పిల్లల తండ్రిగా నాకూ ఈ మీమాంస తప్పలేదు.

తల్లిదండ్రులకు బడిని ఎంచుకునే వీలుండాలన్న ఆలోచన అనేక దేశాల్లో ఉంది. అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రం 1991లో చార్టర్ పాఠశాలల చట్టం చేసింది. ఆ బడులకు ఖర్చు ప్రభుత్వానిది, నిర్వహణ బయటివారిది. ఫీజు ఉండదు. దరఖాస్తులు ఎక్కువైతే లాటరీ తీస్తారు.

మన దేశంలో 2009 నాటి విద్యాహక్కు చట్టం మరో దారి చూపింది. ప్రైవేటు బడులు ప్రవేశ తరగతిలో 25 శాతం సీట్లు పేద, బలహీన వర్గాల పిల్లలకు ఉచితంగా ఇవ్వాలి. ఆంధ్రప్రదేశ్‌లో ఇది 2022-23 నుంచి అమలులోకి వచ్చింది. ఇందులో పేద మైనారిటీలకు, బీసీలకు, ఓసీలకు కలిపి 6 శాతం వాటా ఉంది. అయితే సీటు ఇచ్చేటప్పుడు ఇంటికీ బడికీ మధ్య దూరం చూస్తారు. ప్రైవేటు బడులన్నీ పట్నంలో ఉంటే పల్లె బిడ్డకు ఈ హక్కు కాగితం మీదే మిగులుతుంది.

సరే, సీటు దొరికిందనుకుందాం. చదువు బాగుపడుతుందా? దీనికి జవాబు మన రాష్ట్రంలోనే దొరికింది. 2008లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని అయిదు జిల్లాల్లో, 180 గ్రామాల్లో ఒక పెద్ద ప్రయోగం మొదలైంది. సర్కారు బడి పిల్లల్లో కొందరిని లాటరీ ద్వారా ఎంపిక చేసి, ఫీజు చెల్లించి ప్రైవేటు బడుల్లో చేర్పించారు. నాలుగేళ్ల తర్వాత పరీక్షిస్తే తెలుగులో, లెక్కల్లో వారికీ తక్కిన పిల్లలకూ తేడా కనిపించలేదు. ప్రాథమిక తరగతుల్లో హిందీ ప్రైవేటు బడుల్లోనే నేర్పేవారు కాబట్టి అందులో మాత్రం వారు ముందున్నారు. ప్రైవేటు బడులు చాలా తక్కువ ఖర్చుతో ఈ ఫలితం సాధించాయన్నది కూడా నిజమే. కానీ బడి మారినంత మాత్రాన బిడ్డ చదువు మారదని తేలింది.

ఆ పరిశోధనలో మరో హెచ్చరిక కూడా ఉంది. తెలుగు మీడియం నుంచి ఒక్కసారిగా ఇంగ్లీషు మీడియంకు మారిన పిల్లలు పాఠాల్లో వెనకబడే ప్రమాదం ఉందన్న సూచనలు కనిపించాయి. మన పిల్లల సంగతి ఆలోచించండి. చాలా ఇళ్లలో అమ్మీతో ఉర్దూ, వీధిలో తెలుగు, తరగతిలో ఇంగ్లీషు. మూడు భాషల మధ్య నలిగే బిడ్డకు పాఠం అర్థమవుతోందా లేదా అన్నది రోజూ అడిగి తెలుసుకోవాలి. బస్సులో పొద్దున వెళ్లి చీకటిపడే వేళకు వచ్చే పిల్లవాడికి అరబీ పాఠానికి, ఆటకు, అబ్బాతో నాలుగు మాటలు మాట్లాడటానికి వేళ ఎక్కడిది? ఇక ఆడపిల్ల విషయంలో బడి దూరమైతే చదువే ఆగిపోతుంది.

మనం మరిచిపోతున్న హక్కు ఒకటుంది. విద్యాహక్కు చట్టం ప్రకారం సర్కారు బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి. కమిటీ సభ్యుల్లో సగం మంది స్త్రీలు కావాలి. ప్రభుత్వ సాయం లేకుండా నడిచే ప్రైవేటు బడిలో ఫీజు కట్టే తండ్రికి చట్టం ఈ కుర్చీ వేయలేదు. సర్కారు బడిలో వేసిన కుర్చీలో మనం కూర్చోవడం లేదు. టీచరు రాకపోయినా, మరుగుదొడ్డికి నీళ్లు లేకపోయినా అడిగే అధికారం ఉండి కూడా "మనకెందుకులే" అనుకుంటున్నాం.

కాబట్టి ఏ బడిలో చేర్చినా ముందు ఆ బడికి వెళ్లి చూడండి. తరగతికి టీచరున్నారా, మూడో తరగతి పిల్లవాడు ఒక పేజీ చదవగలుగుతున్నాడా, ఆడపిల్లలకు వసతి ఉందా అడగండి. కమిటీ సమావేశానికి ఇంటి ఆడవారిని పంపండి. 2025లో మొదలైన 'తల్లికి వందనం' సొమ్ము సర్కారు బడి బిడ్డకూ, ప్రైవేటు బడి బిడ్డకూ వస్తోంది. దాన్ని బిడ్డ చదువుకే ఖర్చు చేయండి. చేర్చే రోజు ఒక్కటే. అడగాల్సిన రోజులు ఏడాది పొడవునా ఉన్నాయి.