షోలాపూర్ చుట్టూ మెట్టసీమ: బండిలోనే ఒక రోజు

షోలాపూర్ తూర్పు భాగంలో సాకర్‌పేట, భవానీపేట, దాజీపేట వంటి పద్మశాలి వాడల నుంచి తెల్లవారుజామున బండి కడితే, రెండు వందల కిలోమీటర్లు దాటకుండానే ఒక్క రోజులో మెట్టసీమ అంతా చూసి రావచ్చు. ఉత్తరాన నాన్నజ్ గడ్డిమైదానం, హైదరాబాద్ దారిలో నల్‌దుర్గ్ కోట, తుల్జాపూర్ దారిలో హిప్పర్గా చెరువు ఇందులో ముఖ్యమైనవి.

ఈ నేల ఎడారి కాదు, అయితే వానకు ముఖం వాచిన నేల. అరేబియా సముద్రం మీంచి వచ్చే మబ్బులు సహ్యాద్రి పడమటి వాలులోనే నీళ్ళన్నీ దించేస్తాయి. మహాబలేశ్వరంలో ఏడాదికి 5,000 మిల్లీమీటర్లకు పైగా కురిస్తే, కొండల చాటున పడిన షోలాపూర్‌కు దక్కేది సుమారు 550 మాత్రమే. నల్లరాతి మీద జానెడు మట్టి ఉన్న చోట గడ్డి తప్ప మరేమీ పెరగదు. లోతైన నల్లరేగడి ఉన్న చోట రబీ జొన్న పండుతుంది. వానలు వెనక్కి మళ్ళాక విత్తిన ఆ పైరు నేలలో దాగిన తేమతోనే గింజ కడుతుంది.

వంట, పడక అన్నీ బండిలోనే అమర్చుకుని తిరిగే కారవాన్లు విదేశాల్లో మామూలే. మహారాష్ట్ర ప్రభుత్వం కూడా 2021లో కారవాన్ పర్యాటక విధానం ప్రకటించింది. నేత కుటుంబాలకు అందుబాటులో ఉండేది మాత్రం అద్దెకు దొరికే క్రూజరో, టెంపో ట్రావెలరో. వెనక సీటు కింద చిన్న గ్యాస్ పొయ్యి, రెండు క్యాన్ల నీళ్ళు, గుడ్డలో చుట్టిన కడక్ జొన్నరొట్టెలు, డబ్బాలో షోలాపూర్ పల్లీ చట్నీ ఉంటే రోజంతా గడిచిపోతుంది. అప్పడంలా ఎండిన ఈ రొట్టె రోజుల తరబడి నిలవ ఉంటుంది. చెట్టు నీడన పరుచుకోవడానికి, చలి తెల్లవారుజామున కప్పుకోవడానికి ఊరి పేరే పెట్టుకున్న చద్దర్ ఉండనే ఉంది. జకార్డ్ మగ్గం మీద పువ్వులు తేల్చి మందంగా నేసే ఆ దుప్పటికి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది.

పొద్దు పొడిచేలోగా నాన్నజ్ చేరాలి. బార్షీ దారిలో ఇది 20 కిలోమీటర్ల దూరం. మరాఠీలో మాళ్‌రాన్ అనే ఈ గడ్డినేలను చాలామంది బంజరు అనుకుంటారు. అది పొరపాటు. మోకాలెత్తు గడ్డి మంచుకు తడిసి ఒరిగి ఉంటుంది. సూదుల్లాంటి దాని గింజలు నడిచేవారి పంచెకు, చీర కుచ్చెళ్ళకు గుచ్చుకుని వెంట వస్తాయి. ఎండ ఏటవాలుగా పడేసరికి దూరాన కృష్ణజింకల మంద తల ఎత్తుతుంది. మగజింక వీపు నల్లగా, పొట్ట సున్నం వేసినట్టు తెల్లగా ఉంటుంది. ఇక్కడ తోడేళ్ళూ ఉన్నాయి.

ఈ చోటికి పేరు తెచ్చింది బట్టమేక పిట్ట. మీటరు ఎత్తు, పదిహేను కిలోల దాకా బరువు ఉండే ఈ పక్షిని ఇక్కడ మాళ్‌ఢోక్ అంటారు. దీని కోసం 1979లో 8,496 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించారు. ఊళ్ళు, పొలాలు కూడా అందులో కలిసిపోవడంతో తర్వాత 1,222 చదరపు కిలోమీటర్లకు కుదించారు. తెలుగునాట రోళ్ళపాడులోనూ 1988లో ఇలాంటి అభయారణ్యమే ఏర్పడింది. రెండు చోట్లా పక్షి దాదాపు మాయమైంది. బట్టమేక నేలమీదే గుడ్డు పెడుతుంది, అదీ ఒక్కటే. ఎదురుగా ఉన్నది దానికి సరిగా ఆనదు, బరువైన ఒళ్ళు కావడంతో కరెంటు తీగలు తప్పించుకోలేదు. గడ్డినేల చెరకుతోటగా మారితే దానికి నిలువ నీడ ఉండదు. దేశంలో మిగిలిన కొద్ది బట్టమేకల్లో ఎక్కువ భాగం రాజస్థాన్ ఎడారిలోనే ఉన్నాయి.

ఎండ ముదిరే వేళకు షోలాపూర్ మీదుగా వెనక్కి వచ్చి, హైదరాబాద్ దారి పట్టి సుమారు 45 కిలోమీటర్లు వెళితే నల్‌దుర్గ్ వస్తుంది. నలమహారాజు పేరే దీనికి వచ్చిందని స్థానికుల నమ్మకం. కోట అంతటిలోకీ చూడదగ్గది పానీ మహల్. బీజాపూర్ సుల్తాను రెండో ఇబ్రహీం ఆదిల్‌షా కాలంలో, 1613 ప్రాంతంలో, బోరీ నదికి అడ్డంగా రాతి ఆనకట్ట కట్టి దాని గోడ మందంలోనే గదులు తొలిచారు. వానాకాలంలో నది నిండితే నీళ్ళు గట్టు మీంచి దూకుతాయి. లోపల కూర్చున్నవారికి కిటికీ ముందు నీటి తెర వేలాడుతుంది. ముఖం మీద తుంపర పడుతుంది, గది మాత్రం తడవదు. నీటిచుక్కకు కరువైన సీమలో నీటిని ఇంత ముచ్చటగా నిలిపిన కట్టడం మరొకటి కనిపించదు. ఠగ్గుల మీద నవల రాసిన మెడోస్ టేలర్ 1850లలో ఇక్కడే అధికారిగా ఉన్నాడు. తర్వాత 1948 వరకు ఈ కోట నిజాం రాజ్యంలోనిదే. తెలంగాణ నుంచి బతుకుతెరువు వెతుక్కుంటూ షోలాపూర్ మిల్లులకు, మగ్గాలకు చేరిన పద్మశాలీలదీ అదే రాజ్యం.

తిరుగుదారి తుల్జాపూర్ మీదుగా. భవానీమాత దర్శనం చేసుకుని దిగితే, షోలాపూర్ పొలిమేరలో సాయంకాలానికి హిప్పర్గా చెరువు ఎదురవుతుంది. ఏక్‌రూక్ చెరువు అని కూడా పిలిచే దీన్ని అదిలా నది మీద బ్రిటిష్ వారు 1871లో పూర్తి చేశారు. చలికాలంలో దూరదేశాల పక్షులు ఇక్కడ దిగుతాయి. గట్టు దగ్గర బండి ఆపి టీ కాచుకుంటే, పొద్దు వాలేదాకా వాటిని చూడవచ్చు.

ఈ ప్రయాణానికి వేసవి పనికిరాదు, ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. పానీ మహల్ నీటి తెర చూడాలంటే వానాకాలం చివర్లో, పక్షుల కోసమైతే నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా వెళ్ళాలి. నాన్నజ్‌లో మాత్రం ఏ కాలంలో వెళ్ళినా అటవీశాఖ మనిషిని వెంట పెట్టుకుని, బాట మీదే నడవాలి. గడ్డిలో అడుగు పెట్టవద్దు, గుడ్డు ఉండేది అక్కడే.