చుట్టూ నీళ్లే, తాగితే దాహం! ఎందుకు?

మన పావగడలో బోరునీళ్లలో ఫ్లోరైడ్ ఉందని బిందె పట్టుకుని శుద్ధనీటి ఘటకానికి వెళ్తాం కదా! నడిసముద్రంలో ఒంటరిగా చిక్కినవాడి పాట్లు ఇంకా ఘోరం. లీటరు సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల ఉప్పుంటుంది. అంత చిక్కటి ఉప్పును మూత్రపిండాలు బయటికి పంపలేవు. దాన్ని కడగడానికి, తాగినదానికంటే ఎక్కువ నీరు ఒంట్లోంచే పోతుంది. ఆవకాయలో మామిడిముక్కను చూడండి, ఉప్పు తగలగానే ఊట వదిలి ముడుచుకుపోతుంది.

మరి పూన్ లిమ్ అనేవాడు ఎలా బతికాడు? 1942 నవంబరులో అట్లాంటిక్‌లో ఓడ మునిగాక ఈ చైనా నావికుడు చెక్కతెప్ప మీద ఒక్కడే 133 రోజులు గడిపాడు. గుడ్డ పరిచి వాననీళ్లు పట్టాడు. టార్చిలైటు తీగను వంచి గాలం చేశాడు!

సముద్రపు నీటిని కాచితే ఉప్పు పోదా అంటారేమో. పోదు, ఇంకా చిక్కబడుతుంది. ఆవిరిని పట్టి చల్లారిస్తేనే మంచినీళ్లు.