మీకు తెలుసా? ఉడుత పిల్లకు ముందు కావాల్సింది పాలు కాదు, వెచ్చదనం

గూటి నుంచి పడిన ఉడుత పిల్ల ఒళ్లు చల్లబడి ఉన్నప్పుడు పాలు పడితే, ఆ పాలే దాని ప్రాణం తీయొచ్చు. కళ్లు తెరవని, బొచ్చు రాని పిల్ల ఒంటి వేడిని నిలుపుకోలేదు; ఒళ్లు చల్లబడితే పేగుల కదలిక మందగించి తాగింది అరగదు. మన ఎండల్లో చలెక్కడిదని అడగొచ్చు. ఫ్యాను కింద బండల మీదో, వానకు తడిసిన నేల మీదో పడి ఉన్న బొచ్చులేని పిల్ల ఏ కాలంలోనైనా చల్లబడుతుంది. అందుకే మొదట పొట్ట చల్లగా ఉందేమో తాకి చూడాలి. తర్వాత వీపు మీద చర్మాన్ని మెల్లగా పట్టి వదలాలి. ముడత వెంటనే సర్దుకోకపోతే ఒంట్లో నీరు తగ్గినట్టే, మన ఎండల్లో దీన్ని అస్సలు తేలిగ్గా తీసుకోకూడదు. ముక్కులో రక్తం కనిపిస్తే పడ్డప్పుడు దెబ్బ తగిలి ఉంటుంది. పాలు పట్టాక ఊపిరిలో టిక్‌టిక్‌మని చప్పుడొస్తే అవి ఊపిరితిత్తుల్లోకి పోయాయేమోనని అనుమానించి పశువుల డాక్టరుకు చూపించాలి.

ఆకలితో అరుస్తుంటే చూస్తూ ఎలా ఊరుకుంటామన్నది న్యాయమైన ప్రశ్నే. కానీ అరిచే ఓపికున్న పిల్ల వెచ్చబడేదాకా ఆగగలదు. తొందరపడి పట్టిన ఆవుపాలతో విరేచనాలు పట్టుకుంటే ఉన్న కాస్త నీరూ పోతుంది. దెబ్బలేమీ లేకుంటే, వెచ్చబరిచి, పిల్లులూ కుక్కలూ రాకుండా చూసుకుంటూ పగటిపూట అది పడిన చెట్టు దగ్గరే ఉంచండి. చాలాసార్లు తల్లే వచ్చి నోట కరుచుకుని గూటికి తీసుకుపోతుంది.