పేరు మధ్య ఖాళీతో ఫైళ్ళకు ముప్పు

సంఘాల పద్దులు, పొలాల లెక్కలు, పిల్లల చదువు కాగితాలు ఇప్పుడు పల్లెల్లో సైతం కంప్యూటరుకు ఎక్కుతున్నాయి. మౌసుతో నొక్కి పని చేసుకునేవారికి చింత లేదు. ఆజ్ఞలు టైపు చేసి పని చేయించేవారు మాత్రం ఫైలు పేరు మధ్య వదిలే ఖాళీ విషయంలో జాగ్రత్త వహించాలి.

2001 నవంబరులో అమెరికాలోని ఆపిల్ సంస్థ ఐట్యూన్స్ 2.0 అనే పాటల ప్రోగ్రామును విడుదల చేసింది. పాత ప్రతిని చెరిపే ఆజ్ఞలో డిస్కు పేరును కొటేషన్ గుర్తుల మధ్య ఉంచలేదు. దాంతో డిస్కు పేరులో ఖాళీ ఉన్న కొందరి ఫైళ్ళు తుడిచిపెట్టుకుపోయాయి. సంస్థ ఆ ప్రతిని ఉపసంహరించి, సరిచేసిన 2.0.1ను ఇవ్వవలసి వచ్చింది.

ఎందుకిలా?

మనమిచ్చిన ఆజ్ఞను చదివి యంత్రం చేత చేయించే ప్రోగ్రామును షెల్ అంటారు. ఖాళీ కనిపిస్తే ఒక పేరు ముగిసిందని అది భావిస్తుంది. 'వరి లెక్క' అనే ఫైలును చెరపమంటే 'వరి' ఒకటి, 'లెక్క' మరొకటి అనుకుంటుంది. 'వరి' పేరుతో వేరే ఫైలుంటే అది కాస్తా పోతుంది. గుర్తుల మధ్య పెడితేనే రెండు మాటలూ కలిపి ఒక పేరని గ్రహిస్తుంది.

గీతల తగాదా

రెండో చిక్కు వాలుగీతది. జిల్లా, మండలం, గ్రామం అని చిరునామా రాసినట్లే ఫైలుకూ చిరునామా ఉంటుంది. యూనిక్స్, లైనక్స్ యంత్రాల్లో ఆ పేర్ల మధ్య / గీత వాడతారు. 1981లో వచ్చిన డాస్ మొదటి ప్రతిలో ఫైళ్ళను విడివిడిగా దాచే ఫోల్డర్లు లేవు. / గీతను ఆజ్ఞ వెంట ఇచ్చే సూచనలకు వాడారు. 1983లో రెండో ప్రతితో ఫోల్డర్లు వచ్చేసరికి ఆ గీత అప్పటికే వాడుకలో ఉన్నందున \ గీతను ఎంచుకున్నారు. విండోస్‌కు అదే వారసత్వంగా వచ్చింది.

ఇందువల్ల అన్ని యంత్రాల్లోనూ నడిచే టెక్స్ట్ ఎడిటరు తయారు చేసేవారికి శ్రమ రెట్టింపు. నెదర్లాండ్స్‌కు చెందిన బ్రామ్ మూలెనార్ 1991లో విడుదల చేసిన విమ్ ఎడిటరులో ఇందుకోసం 'షెల్ ఎస్కేప్' అనే సదుపాయం ఉంది. ఫైలు పేరు అప్పగిస్తే తగిన గుర్తులు అదే తగిలిస్తుంది. యూనిక్స్‌లో ఒంటి గుర్తులు, విండోస్‌లో జంట గుర్తులు. విండోస్ పాత ఆజ్ఞల షెల్‌కు ఒంటి గుర్తులు పట్టవు కనుక ఈ తేడా తప్పదు. 'షెల్ స్లాష్' అనే మరో సదుపాయంతో విండోస్‌లోనూ / గీతనే వాడుకోవచ్చు.

కంప్యూటరు నేర్చుకునే మన విద్యార్థులు కొన్ని జాగ్రత్తలు పాటిస్తే చాలు. ఫైలు పేరులో ఖాళీకి బదులు కిందిగీత పెట్టాలి. ఆజ్ఞలో పేరును గుర్తుల మధ్య ఉంచాలి. చెరిపే ముందు అదే చిరునామాలో ఏమేమున్నాయో జాబితా చూసుకోవాలి. ముఖ్యమైన పద్దులకు వేరొక చోట నకలు ఉంచుకోవాలి. షెల్ చెరిపిన ఫైలు చెత్తబుట్టలోకి వెళ్ళదు, తిరిగి తెచ్చుకోవడం బహు కష్టమన్న సంగతి మరువరాదు.