ముగ్గులోంచి మగ్గం మీదికి

భూదాన్ పోచంపల్లి: తెల్లవారుజామున ఐదు గంటలకు ఆ వాకిట్లో మొదట వినిపించేది చీపురు చప్పుడు. తర్వాత సాన్పు చల్లిన చప్పుడు. ఆ పైన ఆ ఇంటి కోడలు ముగ్గు డబ్బా పట్టుకుని కూర్చుంటుంది. ఊళ్లో అందరి వాకిళ్లలోనూ ముగ్గులుంటాయి, అందులో వింతేముంది అనవచ్చు. ఈమె ముగ్గు వేయడం అయిపోయాక లేచి వెళ్లిపోదు. రెండడుగులు వెనక్కి జరిగి, నడుం మీద చేయి పెట్టుకుని కాసేపు చూస్తుంది. నచ్చితే లోపలికి పోయి గళ్ల కాగితాల పుస్తకం, పెన్సిలు తెస్తుంది. వాకిట్లోని చుక్కలను లెక్కబెట్టి గళ్లలోకి ఎక్కిస్తుంది. ఆ గళ్లే ఆరేడు వారాలు తిరిగే సరికి పట్టుచీర కొంగు మీద తేలుతాయి.

పోచంపల్లి మండలంలోని ఒక పల్లె ఇది. ఆమెకు ఇరవై అయిదేళ్లు. "పేరు రాయకు అన్నా, ఊరు పేరు గూడ వద్దు. సావుకారి సూస్తే బాగుండదు" అన్నది. అందుకని పేరు రాయడం లేదు. చుట్టుపక్కల వారు గుర్తుపట్టినా పట్టనట్టే ఉండాలని మనవి.

ఇంట్లో ఆరుగురు. అత్త, మామ, భర్త, ఇంటర్ చదువుతున్న ఆడబిడ్డ, నాలుగేళ్ల కూతురు. రెండు మగ్గాలు. ఒకటి మామది, ఒకటి భర్తది. మామకు చూపు తగ్గిన తర్వాత ఆ మగ్గం మీద మధ్యాహ్నం పూట ఈమె కూర్చుంటోంది. ఏడాదిలో ఎక్కువ భాగం సావుకారి ఇచ్చిన నూలు, సావుకారి చెప్పిన డిజైన్, చీరకింత అని కూలి. దసరాకు ముందు మాత్రం చేతిలో డబ్బు ఉంటే సొంతంగా పట్టు కొని ఒక పడుగు పోసుకుంటారు.

పోచంపల్లి చీర గురించి ఈ జిల్లా వారికి కొత్తగా చెప్పవలసింది లేదు గానీ, కట్టుకునే వాళ్లలో చాలామందికి అది ఎలా అవుతుందో తెలియదు. బట్ట నేసిన తర్వాత దానిపై పువ్వు అద్దరు. నేయకముందే దారంలో పువ్వు ఉంటుంది. దారాన్ని ఆసు పోసి, బొగ్గుతోనో సిరాతోనో గీతలు పెట్టి, రంగు అంటకూడని చోటల్లా సైకిల్ ట్యూబు రబ్బరు చీలికలతో బిగించి కడతారు. ఇవే చిటికీలు. రంగులో ముంచుతారు. కొన్ని విప్పుతారు, మరికొన్ని కడతారు, మళ్లీ ముంచుతారు. ఆ దారం కండెలకెక్కి నాడెలో కూర్చుని అటూ ఇటూ తిరిగితే, ఒక్కో పోగు తన చోట తాను వచ్చి చేరి చిలుకో, ఏనుగో, వజ్రమో అవుతుంది. ఒక పోగు జరిగినా పువ్వు చెదురుతుంది. అంచులు కాస్త మసకగా, పొగ కమ్మినట్టు ఉంటాయి. బట్ట తిరగేసి చూస్తే అటువైపూ అదే పువ్వు, అదే రంగు. అచ్చు వేసిన మిల్లు బట్టలో ఇది ఉండదు. హైదరాబాద్ వెళ్లినప్పుడు ఒక దుకాణం అద్దాల వెనుక పోచంపల్లి డిజైన్ అచ్చేసిన చీర తిరగేసి చూసి, వెనుక తెల్లగా కనబడితే నవ్వొచ్చిందని, ఆ తర్వాత ఏడుపొచ్చిందని ఆమె చెప్పింది.

ఈ పనిలో ఆడవారి వంతు ఆసు. అర్ధచంద్రాకారంలో వరుసగా మేకులు, వాటికెదురుగా ఒక మేకు. ఈ మేకు నుంచి ఆ మేకుకు, ఆ మేకు నుంచి ఈ మేకుకు చేయి చాచి దారం వేస్తూ పోవాలి. ఒక చీరకు చేయి 9 వేల సార్లు అటూ ఇటూ తిరగాలి. రోజుకు రెండు చీరల ఆసు పోస్తే 18 వేలు. వడ్లు దంచిన వారికి, నాట్లు వేసిన వారికి భుజం నొప్పి అంటే ఏమిటో తెలుసు. ఇది ఏడాది పొడుగునా ఒకే భుజం మీద పడే పని.

ఈమె తల్లిగారిల్లు ఆలేరు వైపు. "మా అమ్మ రాత్రి అన్నం కలుపుకోను చెయ్యి లేవక, ఎడమ చేత్తోటి తినేది. నేను చిన్నదాన్ని, అమ్మది ఎడమ చెయ్యి వాటమే అనుకున్న" అన్నది. చెబుతున్నప్పుడు ఆమె చేతిలో పని ఆగలేదు. కూతురి జడకు రిబ్బను కడుతూనే ఉంది.

ఆలేరు అనగానే చింతకింది మల్లేశం పేరు తలచుకోక తప్పదు. శారాజిపేటకు చెందిన ఆయన తల్లి లక్ష్మి పడే బాధ చూడలేక 1992లో ఆసు యంత్రం తయారుచేయడానికి పూనుకున్నారు. పెద్ద చదువు లేదు, డబ్బు లేదు, నవ్విన వాళ్లు మాత్రం ఉన్నారు. 1999కి యంత్రం తిరిగింది. తల్లి పేరే దానికి పెట్టారు, లక్ష్మీ ఆసు యంత్రం. గంటల తరబడి పట్టే ఒక చీర ఆసు గంటన్నరలో అయిపోయింది. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది, 2019లో ఆయన కథతో సినిమా కూడా వచ్చింది. అవన్నీ పత్రికల్లో వచ్చినవే. ఈ ఇంటి సంగతి మాత్రం ఎక్కడా రాలేదు.

సంబంధం చూడడానికి వచ్చినప్పుడు అమ్మాయి తండ్రి అడిగిన మొదటి ప్రశ్న పొలం గురించి కాదు, ఇల్లు గురించి కాదు. "ఆసు మిషిను ఉన్నదా?" అని. అది విని అబ్బాయి తల్లి, అంటే ఇప్పటి అత్తగారు, లోపలి గదిలోకి తీసుకుపోయి చూపించింది. గోడవారగా యంత్రం తిరుగుతోంది. "నాకు పెండ్లి కొడుకు కన్న ముందు మిషినే నచ్చింది" అని కోడలంటే, మగ్గం గుంటలోంచి భర్త "నాకు తెల్వదా" అన్నాడు. ఇంట్లో అందరూ నవ్వారు. ఈ మాట ఇదివరకు చాలాసార్లు అనుకున్నదే అని తెలిసిపోతోంది.

అత్తగారు నవ్వలేదు. ఆమె కుడి చేయి భుజం దాటి పైకి లేవదు. యంత్రం వచ్చేనాటికే ఆమె ఇరవై ఏళ్లు చేత్తో ఆసు పోసింది. ఇప్పుడు కూడా కరెంటు పోతే, పని ఆగకూడదని, పాత ఆసు దించమంటుంది. కోడలు దించదు. "కరెంటు వచ్చినంక చూద్దాం తీ అత్తమ్మా" అంటుంది. రోజూ స్నానం చేసొచ్చాక అత్త తల దువ్వి ముడి వేసేది కోడలే. ఇందులో గొప్ప ఏముందని ఆమె అడిగింది. ఆ చేయి వెనక్కి పోదు కదా, ఇంకెవరు వేయాలి అన్నది.

ఇక ఆమె ముచ్చట్ల సంగతి. గాజులంటే చాలా ఇష్టం, మట్టి గాజులు, చేతికి డజను చొప్పున. అయితే పని మీద కూర్చుంటే పోగు తగులుతుందని తీసి గూట్లో పెట్టాలి. సాయంత్రం నాలుగున్నరకు చాయ్ పెట్టే ముందు మళ్లీ వేసుకుంటుంది. గాజుల చప్పుడు వినిపిస్తే చాయ్ వస్తుందని మామకు గుర్తు. రంగుల తొట్టి దగ్గర పని ఉన్న రోజుల్లో గోళ్ల సందుల్లో ఎరుపు దిగి వారం పోదు. ఆషాఢంలో ఆడబిడ్డ గోరింటాకు నూరుతుంటే, "నాకెందుకు, నాది ఏడాదంతా ఆషాఢమే" అన్నదట. వాకిలి పక్కన మల్లె తీగ ఉంది. రంగు కడిగిన నీళ్లు ఆ వైపు పోకుండా మట్టితో చిన్న కట్ట కట్టింది. బియ్యం కడిగిన నీళ్లు మాత్రమే దానికి. పూసిన రోజున మొదటి మూర మగ్గానికి కాదు, దేవుడికి కాదు, కూతురి జడకు. దేవుడికి రెండోది. అత్త దీనిమీద కొంచెం గొణుగుతుంది.

మగ్గం మీద కూర్చుంటే సెల్ ఫోనులో పాత పాటలు పెట్టుకుంటుంది. కొత్తవి ఎందుకు వినవని అడిగితే, కొత్త పాటలకు నాడె అందుకోదని జవాబు. నేత చూసిన వారికి ఇది హాస్యం కాదని తెలుస్తుంది.

చీరల నడుమ పుట్టి, చీరల నడుమకు కోడలిగా వచ్చిన మనిషి ఏం కడుతుంది? రోజూ కట్టేది మామూలు నూలు చీర, లేదా అంగట్లో దొరికే సాదా చీర. కొంగు బిగించి నడుముకు చెక్కుకుంటుంది. నేసిన పట్టు చీరలన్నీ కొలిచి, మడతపెట్టి, సావుకారి ఇంటికి పోతాయి. పెళ్లిలో పెట్టిన ఒక్క పట్టుచీర పెట్టెలో ఉంది, అది కూడా తల్లి నేసింది. సొంతానికంటూ ఒకటి నేసుకోవాలని పెళ్లయిన నాటి నుంచి కోరిక.

కిందటేడు సొంత పడుగు పోసినప్పుడు ఒక చీర అదనంగా వచ్చేలా పోశారు. ఆ చీరకు పేక డిజైన్ తనదే. సంక్రాంతికి వాకిట్లో వేసిన ముగ్గులోంచి తీసింది. తంగేడు పువ్వు పసుపు, ముదురు ఆకుపచ్చ, మధ్యలో తెల్ల చుక్క. రాత్రి పాప పడుకున్నాక చిటికీలు కట్టింది. శ్రావణ మాసంలో చీర మగ్గం దిగింది. జాకెట్టు ముక్క ఆత్రంగా అప్పుడే కోసి దర్జీకి ఇచ్చింది. చీర మాత్రం సద్దుల బతుకమ్మ నాడు కట్టాలని దాచింది.

భాద్రపదంలో మామ కంటికి శుక్లం ముదిరింది, ఆపరేషన్ అన్నారు. అదే నెలలో సావుకారి దగ్గర కూలి ఆలస్యమయింది. ఒక ఆదివారం హైదరాబాద్ నుంచి కారులో వచ్చిన ఇద్దరు ఆడవారు ఇంటింటికీ తిరిగి చీరలు చూస్తూ ఇక్కడికీ వచ్చారు. ఇంట్లో ఉన్నవి చూపించారు. ఏవీ నచ్చలేదు. వాళ్లు లేచి చెప్పులు వేసుకుంటుంటే, కోడలు లోపలికి పోయి పెట్టె తెరిచింది.

"ఎవ్వరు అడగలే అన్నా. మా ఆయన వద్దన్నడు గూడ. నేనే తీసిచ్చిన" అన్నది. జాకెట్టు ముక్క ఏదని వాళ్లు అడిగారు. కోసేశామని చెబితే ధర కాస్త తగ్గించారు. పట్టు ఖర్చు, కూలి వచ్చాయి. ముగ్గుకు ఏమీ రాలేదు. మామ కన్ను బాగయింది. ఇప్పుడు సూదిలో దారం ఆయనే ఎక్కిస్తాడు.

సద్దుల బతుకమ్మ నాడు ఆమె అంగట్లో కొన్న సాదా ఆకుపచ్చ చీర కట్టి, ఆ తంగేడు రంగు చిటికీ జాకెట్టు తొడుక్కుని వచ్చింది. గునుగు, తంగేడు, బంతి పేర్చిన బతుకమ్మను నెత్తిన పెట్టుకుని చెరువు దాకా నడిచింది. చేతులు పైకెత్తి బతుకమ్మను పట్టుకున్నప్పుడు జాకెట్టు చేతుల మీది పువ్వు అందరికీ కనబడింది. చీర మీద చూసే కళ్లకు అది జాకెట్టు మీద కొత్తగా తోచింది. ఇదేం ఫ్యాషన్ అని ఒకరిద్దరు అన్నారు. ఆ మరుసటి నెలలోనే ఆ వీధిలో ఇద్దరు మిగిలిన ముక్కలు అడిగి తీసుకుని కుట్టించుకున్నారు. ఇప్పుడు పెళ్లిళ్లకు పోతే సాదా చీర మీద చిటికీ జాకెట్టు కనబడుతోంది. తనను చూసే కుట్టించుకున్నారని ఆమె చెప్పలేదు. ఆడబిడ్డ చెప్పింది.

డిజైన్ల విషయంలో ఒక బాధ ఉంది. అంతకు ముందు ఏడు ఆమె గీసిన ఒక ముగ్గును సావుకారి చూసి, బాగుంది, నేయండి అన్నాడు. నాలుగు నెలలు తిరిగేసరికి అదే పువ్వు పక్క ఊరి మగ్గాల మీద కూడా కనబడింది. పోచంపల్లి ఇకత్‌కు 2004-05లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఈ ప్రాంతంలో నేసిన బట్టకే ఆ పేరు చెల్లుతుంది. అది ఊరికి దక్కిన హక్కు. ఆ ఊళ్లో ఫలానా పువ్వు ఫలానా ఇంటి కోడలు గీసిందని చెప్పే కాగితం ఈ ఇంట్లో లేదు. "ముగ్గుకు హక్కు ఉంటదా అన్నా? పొద్దున ఏస్తం, పగటికి తొక్కుతరు" అని నవ్వింది. ఇది నవ్వే విషయం కాదని ఈ విలేకరి అభిప్రాయం. డిజైన్ గీసిన వారి పేరు, గీసిన తేదీ సహకార సంఘంలో ఒక పుస్తకంలో రాసిపెట్టడానికి పెద్ద ఖర్చేమీ కాదు.

1951 ఏప్రిల్ 18న వినోబా భావే అడిగితే వెదిరె రామచంద్రారెడ్డి వంద ఎకరాలు ఇచ్చిన ఊరు పోచంపల్లి. 2021లో ఐక్యరాజ్య సమితి పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటిగా ఎంచింది. చూడడానికి వచ్చేవారు మగ్గం దగ్గర నిలబడి ఫొటోలు తీసుకుంటారు. మగ్గం మీద కూర్చున్న మగవారిని తీస్తారు. ఆసు యంత్రం ఉన్న లోపలి గదిలోకి ఎవరూ రారని అత్తగారు అన్నది. అక్కడ చీకటి కదా, ఫొటో రాదు అని కోడలు సర్దిచెప్పింది.

ఆడబిడ్డకు ఈ పని ఇష్టం లేదు. నర్సింగ్ చదువుతానంటోంది. చదవనీ అని వదినే ఎక్కువ పట్టుపడుతోంది. మరి నీ కూతురో అని అడిగితే వెంటనే జవాబు రాలేదు. పాప అప్పటికే గళ్ల పుస్తకం లాక్కుని, ఎర్ర పెన్సిలుతో గళ్లు దాటి గీస్తోంది. తల్లి చూసింది గానీ లాక్కోలేదు. "దాని ఇష్టం. మిషిను నేర్పిస్త, చేత్తో ఆసు మాత్రం నేర్ప" అన్నది.

ఈ ఏడు మళ్లీ సొంత పడుగు పోశారు. మళ్లీ ఒక చీర అదనం. ఈసారి డిజైన్ నెమలి కాదు, చిలుక కాదు, ఉగాది నాటి ముగ్గు. వంగపండు రంగు మీద పసుపు. ఆసు అయిపోయింది, చిటికీలు సగం దాకా వచ్చాయి. జాకెట్టు ముక్క ఈసారి కూడా ముందే కోస్తావా అంటే, కోస్తాను అన్నది. బతుకమ్మకు అందుతుందా అంటే, గూట్లోంచి గాజులు తీసి ఒక్కొక్కటే తొడుక్కుంటూ, "అందకుంటే సంక్రాంతి లేదా ఏంది" అని చాయ్ పెట్టడానికి లోపలికి వెళ్లింది.