గుడారములో రెండు రాత్రులు

నైరోబీలో ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయి ఒక ఆగస్టు నెలలో మమ్మల్నిద్దరినీ కెన్యా దేశం పిలిపించుకొని, మసాయి మారాకు తీసుకువెళ్ళాడు. అది సుమారు 1,510 చదరపు కిలోమీటర్ల పచ్చిక బయలు. టాంజానియాలోని సెరెంగెటి నుండి విల్డబీస్ట్ అనే మృగాలు లక్షలాదిగా మారా నది దాటి మేతకు వచ్చే కాలమది.

బస గుడారములో అన్నాడు. మన సువార్త కూటాల పందిరి వంటిదనుకొన్నాము. తీరా చూస్తే కాన్వాసు గోడల లోపల పెద్ద మంచం, దోమతెర, స్నానాల గది! చలికని పక్కలో వేడినీళ్ళ సంచి కూడా పెట్టారు. ఒక రాత్రి అద్దె ఎంతో విన్నాక మాకు ముద్ద దిగలేదు. ఆ డబ్బుతో మన ఊళ్ళో కూలి కుటుంబం నెలల తరబడి బ్రతుకుతుంది. అబ్రాహాము గుడారములో పరదేశిగా ఉన్నాడు; మేము ధనవంతుల్లా పడుకొన్నాము.

గుడారానికి తాళం లేదు, జిప్పే. చుట్టూ కంచె లేదు. నదిలో నీటిగుర్రాల గురక, దూరాన సింహగర్జన. ఆ అరుపు ఎనిమిది కిలోమీటర్ల వరకు వినిపిస్తుందట! ఎంత దూరాన ఉందో తెలియక మోకాళ్ళూని ప్రార్థించాము.

తెల్లవారి చూస్తే, ఎర్ర దుప్పటి కప్పుకొన్న మసాయి కావలివాడు నెగడు దగ్గరే ఉన్నాడు. రాత్రంతా కన్ను మూయలేదు. మా అబ్బాయి తర్జుమా చేయగా ఆయన మమ్మల్ని అడిగిన మొదటి మాట, “మీకు పశువులెన్ని?” రెండు గేదెలన్నాము. జాలిపడ్డాడు.

ఆయన ఆవును ఆ మధ్యనే సింహం చంపిందట. వెనుకటి రోజుల్లో పగ తీర్చుకొనుటకు ఈటెలతో బయలుదేరేవారు. ఇప్పుడు తమ నేలను మృగాలకు విడిచినందుకు సొంతదారులకు నెలనెలా కౌలు ముడుతున్నది. “పిల్లలు బడికి పోతున్నారు. కాని ఆవు ఆవే గదా!” అన్నాడు.

మా అద్దెలోనుండే ఆ కౌలు వెళ్తుందని తెలిసి మనస్సు కొంత కుదుటపడింది. పూర్తిగా కాదు. సింహములు సహితము దేవునియొద్దనే ఆహారము వెదకుతాయని 104వ కీర్తనలో ఎన్నిసార్లో చదివాము. ఆ ఆహారము ఒక పేదవాని ఆవు కావచ్చునని ఎన్నడూ తలంచలేదు.

రెండవ రాత్రి భయం లేకుండా నిద్రపోయాము. అప్పుడు జ్ఞాపకం వచ్చాడు, మా చేనులో అడవిపందుల బెడదకు మంచె మీద జాగారం చేసే మనిషి. ఏండ్ల తరబడి ఆయన మేలుకొన్నాడు, మేము నిద్రించాము. తిరిగి వచ్చాక ఆయన కూలి పెంచాము. కుటుంబ ప్రార్థనలో ఆయన పేరు చెప్పి ప్రార్థిస్తున్నాము.

మీరు నిద్రించునట్లు మేలుకొనియున్నవారెవరు? ఈ రాత్రి వారిని జ్ఞాపకము చేసికొనండి.