దేశభేదము - పదసాధుత్వము

ఒక భాష రెండు రాజ్యములందు వ్యవహృతమగునపుడు రూపభేదములు పుట్టుట సహజము. అందొకటి సాధువనియు, రెండవది దోషమనియు నిర్ణయించుట యుక్తమా యనునది విచార్యము. విద్యార్థుల వ్రాఁతలను దిద్దు పండితులకు నీ ప్రశ్న నిత్యము నెదురగుచున్నది.

ఇంగ్లీషుభాష యిందులకు నిదర్శనము. 1755లో జాన్సను లండనునందుఁ దన నిఘంటువును బ్రకటించెను. 1828లో వెబ్‌స్టరు అమెరికాలో వేఱొక నిఘంటువును వెలువరించి, 'కలర్' మొదలగు పదములయందు 'యు' అక్షరమును విడిచెను. శరదృతువును బ్రిటిషువారు 'ఆటమ్' అనఁగా, నమెరికనులు 'ఫాల్' అందురు. 'గెట్' ధాతువునకు 'గాటెన్' అను భూతకృదంతమును వాడుదురు. ఇవి అమెరికాలోఁ బుట్టిన వికృతులని పలువురు తలంతురు. అది భ్రమ. పూర్వము ఇంగ్లండునందు వ్యవహృతములైన యీ రూపములు అచటి శిష్టవ్యవహారమున మఱుగుపడి, వలసదేశమున నిలిచినవి.

తెలుఁగు చరిత్రయు నిట్టిదే. ఉత్తర సర్కారులు 1766 నాఁటి సంధిచే నాంగ్లేయ కంపెనీ వశమయ్యెను. తెలంగాణము 1948 వఱకు నిజాము పాలనలో నుండెను. అందుచేఁ దీరమున 'రోడ్డు' అను నర్థమునఁ దెలంగాణమున 'సడకు' వాడుకకు వచ్చినది. అచ్చతెనుఁగు మాటలందును భేదము కలదు. తీరమువారి గోంగూర యిచటఁ బుంటికూర, ఉల్లిపాయ యుల్లిగడ్డ, మొక్కజొన్నలు మక్కలు.

ఊరిపేళ్లును సాక్షులే. ఘటకేసరు సమీపమున వరంగల్లు మార్గమునందున్న అన్నోజిగూడ పేరిలోని 'గూడ'యు, పశ్చిమగోదావరి జిల్లాలోని తాడేపల్లిగూడెము పేరిలోని 'గూడెము'ను సజాతీయములు. ఇంగ్లండునందలి స్కార్‌బరో తుద వ్రాయు 'యు, జి, హెచ్' అక్షరములను అమెరికాలోని గ్రీన్స్‌బరో విడిచినట్లే, యిచట 'గూడెము' తుదివర్ణము లేక 'గూడ' నిలిచినది.

'గాటెన్' వంటి ప్రాచీనరూపములు తెలుఁగునను గలవు. తీరమున 'ఉంది' యనఁగాఁ దెలంగాణమున 'ఉన్నది' యందురు, గ్రంథభాషారూపమును ఇదియే. 'నాకెఱుక' యను ప్రయోగమునందలి 'ఎఱుక'యు, 'తొవ్వ'గా మాఱిన 'త్రోవ'యుఁ గావ్యభాషకుఁ బరిచితములే.

శాస్త్రకారుల మార్గమేది? పాణిని ప్రాచ్యులకును, ఉదీచ్యులకును సంబంధించిన భేదములను బేర్కొనెనే కాని పరిహరింపలేదు. ఛేదనార్థమున 'దాతి' యను క్రియ ప్రాచ్యులందును, 'దాత్ర' మను నామ ముదీచ్యులందును బ్రయుక్తమని పతంజలి చెప్పెను. అపశబ్దములను వేఱుగఁ జూపినవాఁడును ఆతఁడే. కావున దేశభేదము వేఱు, దోషము వేఱు. 'విద్యార్థి'ని 'విధ్యార్థి' యని వ్రాయుట యే దేశమునను సాధువు కాదు. ఒక ప్రాంతమునఁ బెద్దలును బిన్నలును నియతముగఁ బలుకు మాట దోషము గానేరదు.

విద్యార్థి 'పుంటికూర' యని వ్రాసినపుడు దానిని గొట్టివేయక, ప్రక్కన 'గోంగూర' యని కూడ వ్రాయుట పండితునకు శోభ. కొట్టివేసినచోఁ దల్లి పలుకే తప్పని బాలుఁడు తలంచును. రెండును జూపినచో భాష యెంత విశాలమో తెలిసికొనును.